మరొకసారి వ్రాయవలెనా?

ప్రతి సంవత్సరం వైద్యవిద్యా ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడిన పిమ్మట మన కళాశాలలో ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతున్నది. బి.ఎస్సీ.లో వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు తీసుకొని చేరిన వారిలో కొందరి పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి గాని వారి మనస్సు తరగతిలో ఉండదు. సంచిలో డిగ్రీ పుస్తకాలకు బదులు ఇంటర్మీడియట్ పుస్తకాలు ఉంటాయి. నీట్ మరల వ్రాయవలెనా, వద్దా అన్న ప్రశ్న వారిని దసరా సెలవుల వరకు, ఒక్కొక్కప్పుడు సంక్రాంతి దాటే వరకు వెంటాడుతుంది. నిర్ణయం వాయిదా పడినకొలదీ ఈ చదువూ సాగదు, ఆ చదువూ సాగదు. ఈ ప్రశ్నను గురించి మా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలక సంఘం పెద్దల ముందు ఉంచదలచినాము.

మనది రెండు భాషలు కలిసి మెలగే విద్యాలయం. ఈ విషయంలో ఆ రెండు భాషలూ రెండు విధాలుగా హితవు చెబుతున్నవి. 'ఆలస్యం అమృతం విషం' అంటుంది తెలుగు సామెత. 'దేర్ ఆయే దురుస్త్ ఆయే' అంటుంది ఉర్దూ సామెత. ఆలస్యంగా వచ్చినా సరిగా వచ్చినారని దాని భావం. రెండింటిలోనూ సత్యమున్నది. ఏ విద్యార్థికి ఏ సామెత వర్తిస్తుందన్నదే తేల్చుకొనవలసిన సంగతి.

మొదట నిబంధనల మాట. సాధారణ వర్గానికి 25, రిజర్వేషన్ వర్గాలకు 30 సంవత్సరాలని ఒకప్పుడు విధించిన గరిష్ఠ వయఃపరిమితి చాలా కాలం న్యాయస్థానాలలో వివాదంగా నడిచి, తుదకు 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ చేత తొలగింపబడినది. ఆ వివాదం నడుస్తున్న కాలంలోనే, 2020లో, ఒడిశాలో 64 సంవత్సరాల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు నీట్‌లో అర్హత పొంది ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినారు. కనుక 21 ఏళ్ళ యువకుడో, 23 ఏళ్ళ యువతియో 'మాకు వయస్సు మించిపోయినది' అని కుంగిపోవలసిన పని లేదు. ద్వారం తెరిచే ఉన్నది. అయితే, తెరిచి ఉన్న ద్వారమల్లా మనం ప్రవేశించి తీరవలసినదే అనుకొనడం కూడ పొరపాటు.

ఆ ద్వారం ఎంత ఇరుకైనదో అంకెలు చెబుతాయి. 2025 మే 4వ తేదీన జరిగిన నీట్‌ను 22 లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసినారు. అందులో 12 లక్షల పైచిలుకు మంది అర్హులైనారు. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు 2013-14లో 51 వేల పైచిలుకు కాగా, 2024-25 నాటికి లక్షా 15 వేలు దాటినవి. మన రెండు రాష్ట్రాలలోనూ క్రొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. 2023 సెప్టెంబరు 15వ తేదీ ఒక్కనాడే ఆంధ్రప్రదేశ్‌లో అయిదు, తెలంగాణలో తొమ్మిది ప్రారంభమైనవి. ఇంత పెరిగినా అర్హులైన పదిమందిలో ఒకరికి మాత్రమే సీటు దక్కే స్థితి. 'మా వాడు క్వాలిఫై అయినాడు' అని తల్లిదండ్రులు సంబరపడడం, సీటు రాకపోయేసరికి ఎవరో అన్యాయం చేసినారని దుఃఖించడం ఏటేటా చూస్తున్నదే. అర్హత వేరు, ప్రవేశం వేరు. పైగా కన్వీనర్ కోటా సీటుకూ యాజమాన్య కోటా సీటుకూ మధ్య ఏటికి లక్షల రూపాయల వ్యత్యాసమున్నది. మనవంటి సామాన్య కుటుంబాల వారికి సీటు అనగా కన్వీనర్ కోటా సీటే. తక్కినది ఆస్తులు అమ్ముకొనే మార్గం.

ఇక, మరల వ్రాయదలచిన వారందరూ ఒకే కోవకు చెందినవారు కారు. ఇంటర్మీడియట్ ముగిసిన వెంటనే తొలిసారి వ్రాసి తప్పినవారు ఒక తెగ. తల్లిదండ్రులు 'లాంగ్‌టర్మ్' అనే పేరు గల శిక్షణలో చేర్పించగా రెండు, మూడు సంవత్సరాలు అదే పాఠం మరల మరల వల్లించినవారు రెండవ తెగ. డిగ్రీ చదువుతూనో, ముగించియో, ఏదో ఉద్యోగంలో చేరియో, లోపల ఆరని కోరికతో మరల పుస్తకం తెరువదలచినవారు మూడవ తెగ. మొదటి తెగ వారికి రెండవ ప్రయత్నం న్యాయమేనని మా అభిప్రాయం. రెండేళ్ళ ఇంటర్మీడియట్‌లో బోర్డు పరీక్షకూ, ఈ పరీక్షకూ ఒకేసారి సిద్ధపడడం చాలమందికి సాధ్యం కాదు. మిగిలిన రెండు తెగల వారికి మాత్రం ఒక విచారణ అవసరం.

ఆ విచారణలో మొదటి ప్రశ్న ఇది: క్రిందటిసారి ఎందువలన రాలేదు? దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పగలగాలి. 'అదృష్టం లేదు', 'ఇంకొంచెం కష్టపడి ఉండవలసినది' అన్నవి సమాధానాలు కావు. 'భౌతికశాస్త్రంలో లెక్కలు చేయలేకపోయినాను' అన్నది సమాధానం. 'మూడు గంటలలో 180 ప్రశ్నలు పూర్తి చేయలేకపోయినాను' అన్నది సమాధానం. 'పరీక్షకు రెండు నెలల ముందు ఇంట్లో జబ్బు వచ్చి చదువు సాగలేదు' అన్నదీ సమాధానమే. రెండవ ప్రశ్న: ఆ కారణం ఇప్పుడు తొలగినదా? కారణం తెలిసి, అది తొలగి ఉంటే, వయస్సు 19 అయినా 24 అయినా మరొకసారి వ్రాయవచ్చును. కారణం తెలియకుండా, అదే గదిలో, అదే పద్ధతిలో మరొక సంవత్సరం కూర్చుంటే ఫలితమూ మునుపటి వలెనే ఉంటుంది.

మన కళాశాల విద్యార్థులకు ముఖ్యంగా రెండు కారణాలు అడ్డుపడుతున్నవి. మొదటిది భౌతికశాస్త్రం. 2025 పరీక్షలో 720 మార్కులకు గాను భౌతికశాస్త్రానికి 180, రసాయనశాస్త్రానికి 180, జీవశాస్త్రానికి 360. మన బి.ఎస్సీ. విద్యార్థి జీవశాస్త్రాన్ని, రసాయనశాస్త్రాన్ని చదువుతూనే ఉంటాడు. భౌతికశాస్త్రాన్ని మాత్రం ఇంటర్మీడియట్‌తో విడిచిపెడుతున్నాడు. ఏడాది గడిచేసరికి ఆ నాలుగవ వంతు తుప్పు పడుతుంది. పైగా డిగ్రీలో చదివే జీవశాస్త్రం వేరు, ఆ పరీక్ష అడిగే 11, 12 తరగతుల జీవశాస్త్రం వేరు. డిగ్రీ చదువుతున్నాము గనుక పరీక్ష సులభమవుతుందని భ్రమపడరాదు.

రెండవది భాష. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమై, ఒక కాలంలో వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించిన చరిత్ర మనకున్నది. నీట్ 2017లో తెలుగుతో సహా పది భాషలలో జరిగినది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 నుండి ఉర్దూ కూడ చేరినది. ఇది సంతోషింపదగినదే. కాని శిక్షణాలయాల పుస్తకాలు, నమూనా పత్రాలు అధికభాగం ఇంగ్లీషులోనే ఉన్నవి. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్నయే ప్రమాణమన్న నియమమున్నది. 'జియాయీ తాలీఫ్' అని ఉర్దూలో చదివినవారు, 'కిరణజన్య సంయోగక్రియ' అని తెలుగులో చదివినవారు 'ఫోటోసింథసిస్' అన్న మాటను చూచిన క్షణంలోనే గుర్తుపట్టగలగాలి. తెలివిలో లోటు లేని విద్యార్థి ఈ ఒక్క మెట్టు వద్ద కాలు జారుతున్నాడు. ఇటువంటి వారికి ఆలస్యపు ప్రయత్నం ఎక్కువగా ఫలించే అవకాశమున్నదని మేము నమ్ముతున్నాము. ఏలయనగా డిగ్రీలో ఒకటి రెండేళ్ళు గడిచేసరికి ఆ భాషా భయం చాలవరకు తొలగిపోతుంది.

ఇంకొక హెచ్చరిక. మార్కులను మార్కులతో పోల్చి నిర్ణయాలు చేయరాదు. 2024లో తొలి ఫలితాలలో 67 మంది 720కి 720 పొందినారు. మరుసటి ఏడు ప్రశ్నపత్రం కఠినమై, దేశంలో ప్రథమస్థానం పొందిన విద్యార్థికే 686 మార్కులు వచ్చినవి. కనుక 'పోయిన సంవత్సరం 480, ఈ సంవత్సరం 460, నేను దిగజారినాను' అనుకొన్నవారు నిజానికి ముందుకు నడిచి ఉండవచ్చును. చూడవలసినది ర్యాంకు. వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల జాబితాలను ప్రకటిస్తున్నవి. బి.సి.-ఇ వర్గపు విద్యార్థి తన వర్గంలో చివరి కన్వీనర్ సీటు ఏ ర్యాంకు వద్ద ఆగినదో చూచి, తన ర్యాంకును దాని ప్రక్కన పెట్టుకొనవలెను. దూరం కొద్దిగా ఉంటే ఒక మాట, కొండంత ఉంటే ఇంకొక మాట. ఇది ఎవరి ఓదార్పూ అవసరం లేని లెక్క. అన్నలు, బాబాయిలు చెప్పే ఎంసెట్ అనుభవం కూడ ఇక్కడ పనికిరాదు. 2016 వరకు జరిగిన ఆ పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. నీట్‌లో ప్రతి తప్పుకూ ఒక మార్కు పోతుంది.

పట్టుదలకు ఉదాహరణగా మన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెబుతారు. 1895లో భీమవరంలో జన్మించిన ఆ మహనీయుడు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మద్రాసులో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడైనాడు. ఈ కథ చెప్పేవారు అక్కడితో ఆగుతారు. తరువాతి భాగం కూడ చెప్పవలెను. ఆయన అదే ఊరిలో, అదే బడిలో మూడవసారి కూర్చొనలేదు. ఊరు మార్చినాడు, బడి మార్చినాడు. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో బయటపడినాడు. ఆ పట్టా కొరకే మరల పోరాడుతూ జీవితం గడపలేదు. 1923లో అమెరికా చేరి జీవరసాయన శాస్త్రజ్ఞుడైనాడు. బోదకాలు వ్యాధికి వాడే మందు, కేన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ ఆయన నాయకత్వాన సాగిన పరిశోధనల ఫలితాలు. ఆయన మానవాళికి చేసిన మేలు ప్రయోగశాలలో చేసినది. మరల ప్రయత్నించడం ఎప్పుడో, మరొక దారి పట్టడం ఎప్పుడో రెండూ ఎరిగిన జీవితమది.

ఇప్పుడు ఇంటి సంగతి. ఈ నిర్ణయం మన కుటుంబాలలో విద్యార్థి ఒక్కడు చేసేది కాదు. అబ్బా ఆశ, అమ్మీ నగలు, నాన్నగారి అప్పు, అన్నయ్య గల్ఫు నుండి పంపిన సొమ్ము, బంధువుల ముందు చెప్పుకొన్న మాట, ఇవన్నీ ఆ ఒక్క పరీక్షలో కూర్చుంటాయి. 'డాక్టరు చదువుతున్నాడు' అని ముందుగానే ఊరంతా చాటిన ఇంటిలో పిల్లవాడు 'నాకు ఇక వద్దు' అని నోరు విప్పలేడు. ఆడపిల్ల విషయంలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. కుమారునికి నాలుగవ అవకాశం ఇచ్చే ఇల్లు కుమార్తెకు రెండవ అవకాశం ఇవ్వడానికి వెనుకాడుతున్నది. సంబంధం వచ్చినది, వయస్సు దాటుతున్నది అంటున్నది. ర్యాంకు ఎవరికి దగ్గరగా ఉన్నదో చూచి అవకాశం ఇవ్వడం ధర్మం. సోదరుని మూడవ ప్రయత్నానికి వెచ్చించే సొమ్ము సోదరి రెండవ ప్రయత్నానికి చెందవలసినదైతే, అది ఆమెకే చెందవలెను.

కాలం లెక్క కూడ ఇంటిల్లిపాదీ కలిసి వేసుకొనవలెను. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. 18వ ఏట చేరినవారు 24వ ఏట బయటపడితే, 23వ ఏట చేరినవారికి దాదాపు 29 వస్తాయి. ఎం.డి. చేయదలిస్తే మరి మూడు సంవత్సరాలు. ఇంతకాలం ఇల్లు గడుపగల వేరొక చేయి ఉన్నదా? ఉన్నచో భయం లేదు. లేనిచో ఆ మాట పరీక్షకు ముందే అనుకొనడం మేలు.

మనస్సుకు తగిలే దెబ్బను కూడ తక్కువగా చూడరాదు. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణించిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో కళాశాలలకు, శిక్షణాలయాలకు విద్యార్థుల మానసిక ఆరోగ్యాన్ని కాపాడే మార్గదర్శకాలు నిర్దేశించినది. 2024లో ప్రశ్నపత్రం వెల్లడి, అదనపు మార్కుల రద్దు, 1,563 మందికి మరల పరీక్ష అవకాశం, న్యాయస్థాన విచారణ, ఇవన్నీ కలిసి లక్షలాది విద్యార్థులను రెండు నెలలు నిద్ర లేకుండా చేసినవి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలని అనిపించకపోవడం కనిపించిన విద్యార్థి ముందుగా కోలుకొనవలెను. పరీక్ష ఆ తరువాతిది. ప్రభుత్వ టెలి-మానస్ సేవకు 14416 అంకెకు ఉచితంగా ఫోను చేయవచ్చును. అట్లు ఫోను చేయడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

వైద్యసేవకు ఎం.బి.బి.ఎస్. ఒక్కటే మార్గమా? అదే నీట్ ర్యాంకుతో యూనానీ, ఆయుర్వేదం, హోమియో, దంతవైద్యం లభిస్తున్నవి. యూనానీకి ఉర్దూ ఎరిగి ఉండడం ఒక అర్హత. ఇంగ్లీషు ముందు తడబడిన మన విద్యార్థికి అక్కడ మాతృభాషయే ఆస్తి. చార్మినారు వద్ద నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ కళాశాల మనకు అందుబాటులోనే ఉన్నవి. నర్సింగు, ఔషధ శాస్త్రం, రోగనిర్ధారణ పరీక్షల విద్య ఉన్నవి. వీటిని ఓడినవారి ఆశ్రయాలుగా చూచే అలవాటు మానవలెను. అట్లే మన బి.ఎస్సీ. తరగతిని రైలు కొరకు వేచి ఉండే గదిగా భావించరాదు. ఇక్కడ సూక్ష్మదర్శిని క్రింద కణాన్ని శ్రద్ధగా చూచినవాడు రేపు ఎక్కడికి పోయినా ఆ చూపు వెంట వస్తుంది.

మా వాదనకు ఒక ఆక్షేపణ వస్తుందని మాకు తెలియును. 'ధనవంతుల బిడ్డలు నాలుగుసార్లు వ్రాసి డాక్టర్లవుతున్నారు. పేద మైనారిటీ విద్యార్థికే ఈ జాగ్రత్తలు బోధించి వెనుకకు లాగుతారా?' అని. ఈ ఆక్షేపణలో బలమున్నది. సంపన్నునికి ఒక సంవత్సరం పోతే సంవత్సరమే పోతుంది. పేదవానికి దానితో ఒక చెల్లెలి చదువు పోతుంది, ఒక పొలం తాకట్టుకు పోతుంది. అందుచేతనే పేద విద్యార్థి ప్రయత్నం లెక్క ప్రకారం సాగవలెనని మేము అంటున్నాము. అతనిని ఆపడం మా ఉద్దేశం కాదు. అతని ప్రయత్నానికి అయ్యే ఖర్చును తగ్గించడం సమాజం బాధ్యత. అందులో మన కళాశాల చేయదగినవి ఉన్నవి గనుక పాలక సంఘం వారికి ఈ విన్నపాలు చేస్తున్నాము.

మరల వ్రాయదలచిన బి.ఎస్సీ. విద్యార్థులకు దసరా తరువాత నుండి సాయంకాలం వేళ భౌతికశాస్త్రం తరగతులు నడుపవలెను. అధ్యాపకులూ, గదులూ ఉన్నవి, కావలసినది ఒక ఉత్తర్వు మాత్రమే. గ్రంథాలయంలో 11, 12 తరగతుల జాతీయ పాఠ్యపుస్తకాలు, గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు, ఉర్దూ-తెలుగు-ఇంగ్లీషు పదాల పట్టిక ఉంచవలెను. ఇక్కడి నుండి ఎందరు మరల వ్రాసినారు, ఎన్నవసారి, ఏ ర్యాంకు వచ్చినది అన్న వివరాలను పేర్లు లేకుండా ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచవలెను. అయిదేళ్ళ తరువాత ఆ రిజిస్టరే మా వంటి వారి వ్యాసాలకన్న మంచి సలహా ఇస్తుంది. ఏటేటా ఆగస్టులో తల్లిదండ్రులను పిలిచి మాట్లాడవలెను. తల్లులతో మాట్లాడడానికి మహిళా అధ్యాపకులు ముందుకు రావలెను. ప్రయత్నం ఫలించక తిరిగి వచ్చిన విద్యార్థిని చిన్నచూపు లేకుండా తరగతిలో కూర్చొనబెట్టుకొనవలెను.

విద్యార్థి మిత్రులకు మా చివరి మాట. నిర్ణయానికి ఒక తేదీ పెట్టుకొనండి. దసరా సెలవులు ముగిసేలోగా తేల్చుకొనండి. దరఖాస్తు ప్రకటన వెలువడిన తరువాత పుట్టే ఉత్సాహాన్ని నమ్మకండి. అది పరీక్ష దాకా నిలువదు. వ్రాయదలచినచో కారణం వ్రాసుకొని, మార్చిన పద్ధతి వ్రాసుకొని, డిగ్రీని విడువకుండా వ్రాయండి. ఇది చివరిసారి అయితే చివరిసారి అని ఇంటిలో ముందుగానే చెప్పండి. వద్దనుకొన్నచో నిండు మనస్సుతో వద్దనుకొని, మరునాటి ఉదయం మొదటి పీరియడుకు రండి. ఆలస్యంగా వచ్చిన వైద్యుని వయస్సు ఏ రోగీ అడుగడు. మన కళాశాల నుండి అటువంటి ఆలస్యపు వైద్యులు కొందరైనా బయలుదేరుతారని, వారి వెనుక ఏ చెల్లెలి చదువూ ఆగి ఉండదని ఆశిస్తున్నాము.